వంచేకొద్దీ గట్టిపడే తీగ

మోటార్ వైండింగ్ షాపుల్లో తూకానికి అమ్మే రాగితీగ జానెడు ముక్క తీసుకోండి. పద్దెనిమిదో నంబరుదైతే మంచిది, చేతికి ఆనుతుంది. రెండు కొసలూ పట్టుకుని మధ్యలో ఒక్కసారి వంచండి. చెప్పినట్టు వింటుంది. ఇప్పుడు ఆ వంపు తీసేసి మళ్ళీ నిటారుగా చేయండి చూద్దాం, ప్లయర్ పట్టకుండా ఉత్త చేతులతో. రాదు. మొదట వంగిన చోటు బిగదీసుకుని అలాగే ఉంటుంది, దానికి అటొకటి ఇటొకటి కొత్త వంపులు పుడతాయి. ఇంకా బలవంతం చేస్తే తీగ వంకర్లు తిరుగుతుందే తప్ప పాత రూపానికి రాదు. ఒక్క వంపుతో ఆ కాస్త చోట రాగి, చుట్టుపక్కల రాగికన్నా గట్టిపడిపోయింది. మీరు దానికి ఏమీ కలపలేదు, మంట చూపించలేదు. వంచారు, అంతే.

తీగతో కొప్పు పిన్నులు, జడబిళ్ళలు, పెళ్ళికూతురి జడ పొడవునా అల్లే పూసల తీగలు ఇంట్లోనే చేసుకునేవాళ్ళ వేళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. పూస చుట్టూ తీగ తిప్పి, నచ్చక విప్పి, మళ్ళీ తిప్పబోతే రెండోసారి మొండికేస్తుంది. ఇంకో రెండుసార్లు అదే పని చేస్తే పుటుక్కున విరుగుతుంది. నాసిరకం తీగ అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టుకుంటాం. పాపం అతని తప్పేం లేదు. ఎంత మేలిమి రాగైనా అలాగే చేస్తుంది, వెండీ బంగారమూ కూడా అంతే. వీడియోల్లో అందమైన మెలికలు చూపిస్తారు గానీ ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పరు. చెబితే సగం తీగ మిగులుతుంది.

లోహంలో పరమాణువులు వరసలు వరసలుగా, లెక్క తప్పకుండా పేర్చి ఉంటాయి. తీగ వంగిందంటే లోపల ఒక పొర మీద ఇంకో పొర జారిందన్నమాట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శాస్త్రజ్ఞులకు ఇక్కడే పెద్ద చిక్కొచ్చింది. పొర మొత్తం ఒకేసారి పక్క పొర మీద జారాలంటే ఎంత బలం కావాలో 1926లో సోవియట్ భౌతికశాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. మెత్తని లోహపు స్ఫటికాన్ని నిజంగా జార్చడానికి పట్టే బలంకన్నా ఆ లెక్క వేల రెట్లు ఎక్కువ తేలింది. దాని ప్రకారమైతే రాగితీగ వేళ్ళతో పూస చుట్టూ తిప్పగల వస్తువే కాకూడదు. లెక్కలో తప్పు లేదు, తీగేమో వంగుతూనే ఉంది.

ముడి విప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. 1934లో జెఫ్రీ టేలర్, ఇగన్ ఒరోవాన్, మైకేల్ పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారే ఒకే జవాబు పట్టుకున్నారు. పెళ్ళి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానాను జానెడు పక్కకు జరపాలనుకోండి. అంచు పట్టి మొత్తాన్నీ లాగితే నలుగురు మనుషులు కావాలి. అదే ఒక అంచున చిన్న ముడత లేపి, ఆ ముడతను కాలితో అవతలి అంచుదాకా తోసుకుంటూ పోతే ఒక్కరే జరిపేయొచ్చు. లోహంలోనూ పొర మొత్తం ఒకేసారి కదలదు. పేర్పులో వరస తప్పిన చోటు ఒకటి గీతలాగా ఉంటుంది, ఆ గీత కదులుతూ పోతే పొర మెల్లగా జారుతుంది. ఈ గీతల పేరే డిస్‌లొకేషన్లు. ఇరవై రెండేళ్ళపాటు లోహంలో ఇవి కదలడం ఎవరూ కళ్ళారా చూడలేదు. 1956లో కేంబ్రిడ్జిలో పీటర్ హర్ష్ బృందం పల్చటి అల్యూమినియం రేకును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు అవి కదులుతూ కంటికే కనిపించాయి.

తీగ సులువుగా ఎందుకు వంగుతుందో దీంతో తెలిసింది. మరి వంగాక ఎందుకు మొండికేస్తుంది? రాగిలో పొరలు జారడానికి పన్నెండు దారులున్నాయి, నాలుగు తలాలు, ఒక్కో తలం మీద మూడు దిక్కులు. అందుకే అది అంత మెత్తన. అయితే వంచినప్పుడల్లా కొత్త డిస్‌లొకేషన్లు పుట్టుకొస్తాయి. అవి వేర్వేరు దారుల్లో పోతూ ఒకదానికొకటి అడ్డుపడి, చిక్కుబడి, కదలకుండా ఆగిపోతాయి. బాగా కాల్చి మెత్తబరిచిన రాగి ఒక ఘన సెంటీమీటరులో ఈ గీతలన్నిటినీ కొసకు కొస కలిపితే పదుల నుంచి వెయ్యి కిలోమీటర్లదాకా వస్తాయి. బాగా సాగదీసి వంచిన రాగిలో పది లక్షల కిలోమీటర్లు దాటిపోతాయి, చంద్రుడిదాకా పోయి తిరిగి రావచ్చు. ఇక కదలడానికి సందు లేనప్పుడు లోహం వంగడం మానేసి పగులు వెతుక్కుంటుంది. మీ చేతిలో పుటుక్కుమన్నది అదే.

తీగను అదే చోట అటూ ఇటూ గబగబా పదిసార్లు వంచి వెంటనే పై పెదవికి ఆనించి చూస్తే వెచ్చగా తగులుతుంది. మీ చేతులు పెట్టిన శ్రమలో చాలా భాగం వేడిగా పోతుంది, కొద్ది భాగం మాత్రం ఆ చిక్కుముళ్ళలో దాక్కుంటుంది. ఈ లెక్కను కూడా 1934లోనే టేలర్, తన సహచరుడు క్విన్నీతో కలిసి కొలిచాడు.

ఇక పిన్ను దగ్గరికి వద్దాం. కొప్పులో గుచ్చే యూ ఆకారపు పిన్ను, దాని తలమీద పూసలు, ఆ పూసలను పట్టి ఉంచే సన్నతీగ చుట్లు. చూడ్డానికి అంతా ఒకే రాగి. కానీ ఇందులో రెండు భాగాలకు రెండు విరుద్ధమైన గుణాలు కావాలి. కాడకు పంతం ఉండాలి. ఒత్తయిన జుట్టులోకి గుచ్చినప్పుడు కాళ్ళు ఎడమైనా, చేయి తీయగానే మళ్ళీ దగ్గరికొచ్చి జుట్టును నొక్కిపట్టాలి. చుట్టే తీగకు ఆ పంతం అసలు పనికిరాదు. తిప్పిన చోట తిప్పినట్టు కాడను కరుచుకుని పడుండాలి. పంతమున్న తీగ చుట్టు వదలగానే కాస్త విచ్చుకుంటుంది, లోపల సందు మిగులుతుంది, రెండు రోజుల్లో చుట్లు కాడమీద గిరగిరా తిరుగుతాయి. చేతిపని సగం ఇక్కడే ఉంది: కాడ గట్టిపడాలి, చుట్టు మెత్తగానే ఉండాలి.

గట్టిపడడమంటే బిరుసెక్కడం కాదు, ఈ తేడా పట్టించుకోవాలి. కొద్దిగా వంచి చూస్తే మెత్తని రాగీ గట్టిపడిన రాగీ ఒకేలా ఎదురు తిరుగుతాయి. తేడా ఎక్కడంటే, మెత్తనిది కొంచెం వంగగానే లొంగిపోయి వంగిన చోటే ఉండిపోతుంది. గట్టిది చాలా దూరం వంగి కూడా వెనక్కి వస్తుంది. నిజంగా బిరుసు కావాలంటే లావు పెంచాలి. గుండ్రటి తీగ బిరుసు వ్యాసం నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది, అంటే లావు రెట్టింపైతే బిరుసు పదహారు రెట్లు. మన షాపుల్లో నడిచే బ్రిటిష్ కొలత ప్రకారం పద్దెనిమిదో నంబరు తీగ 1.22 మిల్లీమీటర్లు, ఇరవై ఎనిమిదోది 0.38. లావులో తేడా మూడు రెట్లకు కాస్త పైన, బిరుసులో నూటపది రెట్లు. అందుకే ఒకటి కాడవుతుంది, ఇంకొకటి దారంలా చుట్టుకుంటుంది.

నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడడం కొత్తవాళ్ళకు తికమకే. ఈ నంబర్లు తీగ లాగే కార్ఖానాల్లో పుట్టాయి. కంసాలి దగ్గర కమ్మచ్చు అని ఉంటుంది, చిన్న చిన్న బెజ్జాల ఉక్కుపలక. పెద్ద బెజ్జంలోంచి మొదలెట్టి వరసగా చిన్న బెజ్జాల్లోంచి కమ్మిని లాగుతారు. ఎక్కువసార్లు లాగితే ఎక్కువ సన్నం, ఎక్కువ నంబరు. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం జాగ్రత్త. అమెరికా కొలతలో అదే నంబరు తీగ ఇంకా సన్నం. ఇరవయ్యో నంబరు మన దగ్గర 0.91 మిల్లీమీటర్లైతే అక్కడ 0.81. కాబట్టి నంబరు కాదు, మిల్లీమీటర్లు అడిగి కొనండి.

ఎంత తీగ కావాలన్నది కూడా లెక్కే. పది సెంటీమీటర్ల పద్దెనిమిదో నంబరు కాడమీద ఇరవై ఎనిమిదో నంబరు తీగను సందు లేకుండా చుడితే దాదాపు 266 చుట్లు పడతాయి. ఒక్కో చుట్టుకు అయిదు మిల్లీమీటర్లు, మొత్తం మీటరూ ముప్ఫైమూడు సెంటీమీటర్లు. చేతిలో పట్టుకోవడానికి కొస కావాలి గనక మీటరున్నర కోయండి. మధ్యలో అయిపోతే అతుకు వికారంగా ఉంటుంది. ఆ సన్నతీగ ఒక్కో చుట్టులో పైవైపు దాదాపు 24 శాతం సాగుతుంది, లోపలివైపు అంతే నలుగుతుంది. ఒక్క తిప్పుకే అంత దెబ్బ. విప్పి మళ్ళీ చుట్టిన తీగ ఎందుకు బతకదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

కాడను గట్టిపరచడానికి ఏ పరికరాలూ అక్కర్లేదు. తీగ ఒక కొసను గట్టి కొక్కేనికి బిగించి, రెండో కొసను ప్లయర్‌తో పట్టి, కొద్దిగా సాగినట్టు చేతికి తెలిసేదాకా లాగండి. వంకరలన్నీ పోయి తిన్నగా అవుతుంది, గట్టి కూడా పడుతుంది. యూ ఆకారంలో వంచాక రెండు కాళ్ళనూ చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తేలిగ్గా, తిప్పి తిప్పి తట్టండి. సుత్తి దెబ్బ కూడా వంపులాంటి పనే చేస్తుంది. తీగ గట్టిపడగానే తట్టడం ఆపాలి, లేకపోతే కాళ్ళు పలకబారి అంచులు పదునెక్కుతాయి.

పొరపాటున కాడ ముందే మొండికేస్తే దాన్ని మళ్ళీ మెత్తబరచవచ్చు. వంటింటి లైటు ఆర్పి, పూత లేని తీగను పటకారుతో పట్టి గ్యాస్ మంట మీద అటూ ఇటూ కదపండి. మసక ఎరుపు కనిపించగానే తీసి నీళ్ళలో ముంచండి. చీకట్లో మన కంటికి తొలి ఎరుపు కనబడేది 525 డిగ్రీల దగ్గర. ఇనుమైనా రాగైనా మట్టైనా దాదాపు అక్కడే ఎర్రబడతాయని 1847లో జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి గనక ఆ మసక ఎరుపు దగ్గర భయం లేదు. ఆ వేడికి చిక్కుబడిన పాత స్ఫటికాల మధ్యలోంచి చిక్కులేని కొత్త స్ఫటికాలు పెరుగుతాయి, తీగ మళ్ళీ చెప్పినట్టు వింటుంది. ఉక్కును ఇలా నీళ్ళలో ముంచితే గట్టిపడిపోతుంది, రాగికి ఆ బాధ లేదు. నల్లగా పట్టిన పొర చింతపండు పులుసులో నానేస్తే పోతుంది.

మంట మీద ఎక్కువసేపు ఉంచితే మెత్తదనం ఇంకా పెరుగుతుందనుకోవద్దు. స్ఫటికాలు మరీ పెద్దవైపోయి, వంచినప్పుడు పైభాగం కమలాపండు తొక్కలా గరుకుగా లేస్తుంది. పూసలు గుచ్చాక అసలు మంట చూపించకూడదు. వైండింగ్ తీగకు పైన ప్లాస్టిక్ జాతి పూత ఉంటుంది, అది కాలితే వచ్చే పొగ పీల్చకూడదు. ఆ తీగను ఫ్యాక్టరీలోనే మెత్తబరిచి పంపుతారు కాబట్టి మొదట్లో కాల్చాల్సిన పనీ లేదు. ఇత్తడిని ఎర్రగా కాల్చడం ఇంట్లో వద్దనే చెబుతాను. ఎక్కువ వేడికి అందులో జింకు ఆవిరై పొగవుతుంది.

కొంచెం వంచు, మొండికేస్తే కాల్చు, మళ్ళీ వంచు. నగల పని చేసేవాళ్ళకు ఇదేమీ కొత్త విద్య కాదు. ఇరాక్‌లోని ప్రాచీన ఊర్ నగరంలో 1920లలో పురావస్తు శాస్త్రజ్ఞుడు లెనార్డ్ వూలీ తవ్వి తీసిన పుఆబీ రాణి సమాధిలో ఆమె తలమీద బంగారు ఆకుల దండలు, జుట్టుకు పెట్టిన బంగారు తీగ చుట్లు, పైన పూలు నిలబెట్టిన దువ్వెన దొరికాయి. నాలుగున్నర వేల ఏళ్ళ నాటివి. అప్పటికి కమ్మచ్చు లేదు. రేకును సన్నపు పట్టీలుగా కోసి, మెలిపెట్టి, దొర్లించి తీగ చేసేవాళ్ళు. మన కరీంనగర్‌లో వెండి తీగపని చేసేవాళ్ళు సన్నతీగలు రెండింటిని పురిపెట్టి, నొక్కి చదును చేసి, ఆ పట్టీని చుట్టలుగా తిప్పి చట్రంలో నింపుతారు. అంత సన్నపు వెండి అన్ని వంపులు తట్టుకుంటుందంటే మధ్యమధ్యలో కొలిమి వేడి తగలడం వల్లే. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పిన్ను తయారైంది, ఇక జుట్టులో నిలవాలి. వెంట్రుక లావు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. దానిమీద పొలుసులు కుదురు వైపు నుంచి కొస వైపుకు ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వెంట్రుకను వేళ్ళమధ్య పట్టి కుదురు నుంచి కొసకు జరిపితే నున్నగా, కొస నుంచి కుదురుకు జరిపితే గరుకుగా తగులుతుంది. కొప్పులో వెంట్రుకలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి పిన్ను ఏ వైపు జారబోయినా కొన్ని పొలుసులు అడ్డుపడతాయి. వంగిన జుట్టు విచ్చుకోవాలని చూస్తూ పిన్నును నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎంత ఎక్కువైతే రాపిడి అంత ఎక్కువ. నున్నటి కాడకన్నా తీగ చుట్టిన కాడ బాగా పట్టుకోవడానికి కారణం చుట్టుకూ చుట్టుకూ మధ్య ఉండే గాడి. వెంట్రుకలు అందులోకి దిగి కూర్చుంటాయి. కాబట్టి అందం కోసం పైన మాత్రమే చుట్టి వదిలేయకండి. లోపలికి పోయే కాళ్ళ మీద కూడా పై భాగంలో ఒకటి రెండు సెంటీమీటర్లు చుట్టండి. తలకు బాగా నూనె పెట్టిన రోజు ఏ పిన్నైనా జారుతుంది, దానికి మందు లేదు.

పైన పూసల బరువు కూడా చూసుకోవాలి. రాగి నీటికన్నా తొమ్మిది రెట్లు బరువు, అల్యూమినియం మూడు రెట్లు కూడా లేదు. పెద్ద పువ్వు కావాలంటే రేకులు అల్యూమినియం తీగతో చేసి, కాడ ఒక్కటి రాగితోనో ఇత్తడితోనో పెట్టడం తెలివైన పని. అంతా రాగితో చేసిన బరువైన పువ్వు అరగంటలో తలవాల్చి పిన్నును పైకి లాగేస్తుంది.

రాగికి మన ఇళ్ళలో అసలు శత్రువు నూనె. దీపపు కుందుల అంచున పచ్చగా చిలుము పట్టడం అందరం చూసిందే. నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి ఆ పచ్చని పదార్థం తయారవుతుంది. చెమటలోని ఉప్పు కూడా ఇలాంటి పనే చేస్తుంది. కొబ్బరినూనె తలలో నాలుగు రోజులు ఉంచిన రాగిపిన్ను కూడా పచ్చబడుతుంది. పూత ఉన్న తీగ వాడితే ఈ బాధ తగ్గుతుంది. లేకపోతే రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా రెండు పూతలు వేయండి. రాత్రి పడుకునే ముందు తీసి పొడిగుడ్డతో తుడవడం అన్నిటికన్నా చవక.

ఇత్తడి కథ ఇంకోటి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇండియాలోని బ్రిటిష్ సైన్యం ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రపుశాలల్లో నిలవ చేసేవాళ్ళు, గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా లేచేది. గొట్టంగా సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, తేమ, అమ్మోనియా మూడూ కలిస్తే లోహం పగులుతుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. తక్కువ వేడిలో కాల్చి ఆ బిగువు తీసేస్తే పగుళ్ళు ఆగిపోయాయి. బిగించి చుట్టిన ఇత్తడి తీగలోనూ అలాంటి బిగువే ఉంటుంది, చాలా హెయిర్ డైలలో అమ్మోనియా ఉంటుంది. రంగు వేసుకున్న తలను బాగా కడిగి ఆరబెట్టకుండా ఇత్తడి పిన్ను పెట్టకండి.

వెండి రంగు తీగ చవకగా దొరికితే లోపల ఏముందో అడగండి. జర్మన్ సిల్వర్‌లో వెండి వీసమంత కూడా ఉండదు. రాగి, జింకు, నికెల్. నికెల్ కొందరి చర్మానికి పడదు. చెవి వెనక, మెడ దగ్గర దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి పడకపోతే అది జీవితాంతం ఉండే గుణం. అందుకే ఐరోపా దేశాలు 1994లోనే చర్మానికి తగిలే నగల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు అర మైక్రోగ్రాముకు మించి నికెల్ విడుదల కాకూడదని నియమం పెట్టాయి. చిన్నపిల్లల జడపిన్నుకైతే పూత రాగి, అల్యూమినియం, లేదా నిజమైన వెండి వాడండి.

ఆఖరున తీగ కొస. కత్తిరించిన కొస ఎప్పుడూ కత్తి మొనలాగే ఉంటుంది. దాన్ని తలకు తగలని వైపు తిప్పి, నోజ్ ప్లయర్‌తో చుట్టు కిందికి నొక్కి, ఆకురాయితో రుద్దండి. తర్వాత పిన్నును పాత షిఫాన్ చున్నీ మీద ఒకసారి ఈడ్చి చూడండి. ఒక్క పోగు లేచినా కొస ఇంకా బయటే ఉన్నట్టు. మళ్ళీ ఆకురాయి పట్టాకే తలలో పెట్టుకోండి.